చవుక విద్యుత్ కారు: విలువ కట్టుట ఎట్లు?

ఎడ్ల సంతకు పోయిన రైతు ధర ఒక్కటే అడిగి ఎద్దును తోలుకొని రాడు. దాని నడక చూచును; పండ్లు చూచును; కాడి క్రింద ఎంత బరువు లాగునో విచారించును. అన్నిటికంటె ముఖ్యముగా, ఇంటికి తెచ్చిన పిమ్మట అది ఎంత మేత తినునో మనస్సులోనే లెక్క వేసికొనును. తక్కువ ధరకు దొరికినను మేత పోసి తాళలేని ఎద్దు చవుక ఎద్దు కాదు. మోటారు బండ్ల విషయమున మాత్రము మనలో పెక్కుమంది ఈ పాత తెలివిని ప్రక్కకు పెట్టి, దుకాణములో చెప్పిన ధరను బట్టియే ఇది చవుక, అది ప్రియము అని తీర్పు చెప్పుచున్నారు.

పెట్రోలు కారునకు ధర తక్కువ, మేత ఎక్కువ. విద్యుత్ కారునకు ధర ఎక్కువ, మేత తక్కువ. ఈ రెంటి నడుమ నిలిచి ఆలోచించుచున్నవాడు సామాన్యముగా ఒక మధ్యతరగతి కుటుంబీకుడు. అతడు పెట్టబోవునది పిల్లల చదువునకో ఇంటి మరమ్మతునకో దాచుకొన్న సొమ్ము. ఒకవైపున “కిలోమీటరుకు రూపాయి మాత్రమే” అను ప్రకటనయు, మరియొకవైపున “బ్యాటరీ పోయినచో కారు ధర మరల పెట్టవలె”నను ఇరుగుపొరుగువారి బెదరింపును అతని చెవిని పడుచుండును. రెండు మాటలలోను కొంత నిజమున్నది, కొంత అతిశయోక్తి ఉన్నది. పాళ్లు తేల్చుకొనుటకు కావలసినది కాగితము, కలము, కొంచెము ఓపిక.

మన దేశమునకు విద్యుత్ కారు నిన్న మొన్నటిది కాదు. బెంగుళూరులో తయారైన రేవా అను చిన్న బండి 2001లోనే వీధులలోనికి వచ్చినది. అది లండన్ నగరము వరకు పోయి అక్కడను కొంతకాలము తిరిగినది. కాని దానిలో ఉన్నవి సీసపు బ్యాటరీలు. బరువు ఎక్కువ, పట్టు విద్యుత్తు తక్కువ. ఒకమారు నింపినచో ఎనుబది కిలోమీటర్ల చుట్టుప్రక్కల నడుచును. నలుగురు సుఖముగా కూర్చుండుటకు చోటు లేదు. ఇట్టి బండి సరదాకు పనికివచ్చినది గాని సంసారమునకు పనికి రాలేదు. పరిస్థితిని మార్చినది లిథియమ్ అయాన్ బ్యాటరీ. ఆ బ్యాటరీకి పునాది వేసిన గుడినఫ్, విట్టింగ్‌హామ్, యోషినో అను మువ్వురు శాస్త్రజ్ఞులకు 2019లో రసాయన శాస్త్రమున నోబెల్ బహుమానము లభించినది. అదే బరువునకు సీసపు బ్యాటరీకంటె ఎన్నో రెట్లు శక్తిని దాచుకొనగల ఈ బ్యాటరీ వలన విద్యుత్ కారు తొలుత సంపన్నుల ఇండ్లకును, పిమ్మట మన ఇండ్లకును వచ్చినది.

వెనుక తలుపు పైకి లేచు చిన్న కారును హాచ్‌బాక్ అందురు. మన దేశమున మొదటిమారు కారు కొనువారిలో చాలమంది కొనునది ఇదియే. ఈ తరగతిలో విద్యుత్ బండికి ఉదాహరణముగా టాటా వారి టియాగో ఈవీని తీసికొందము. దీనిని ఎన్నుకొనుటకు కారణమున్నది: ఇదే శరీరముతో, ఇదే పేరుతో పెట్రోలు కారు కూడ ఉన్నందున రెంటిని ప్రక్క ప్రక్కన నిలిపి తూచుటకు వీలు చిక్కును. 2022 సెప్టెంబరు 28వ తేదీన ఇది విడుదలైనప్పుడు ప్రారంభ ధర 8,49,000 రూపాయలు. 2024 ఫిబ్రవరిలో దానిని 7,99,000కు తగ్గించిరి. ఇవి రిజిస్ట్రేషను, ఇన్సూరెన్సు కలుపక ముందు ధరలు. బ్యాటరీలు రెండు పరిమాణములలో వచ్చినవి: చిన్నది 19.2 కిలోవాట్ గంటలు, పెద్దది 24 కిలోవాట్ గంటలు. కిలోవాట్ గంట అనగా మన ఇంటి మీటరు చూపించు యూనిట్ తప్ప వేరు కాదు. కావున పెద్ద బ్యాటరీలో 24 యూనిట్ల కరెంటు పట్టునని చెప్పుకొన్న చాలును.

ధర ఎందుకు ఎక్కువ? ఎక్కువంతయు ఆ బ్యాటరీలోనే ఉన్నది. 2024లో ప్రపంచమందలి సగటున బ్యాటరీ పెట్టె ధర యూనిట్‌కు 115 డాలర్లని బ్లూంబర్గ్ ఎన్.ఇ.ఎఫ్. అను సంస్థ అంచనా కట్టినది. ఆ లెక్కను 24 యూనిట్ల పెట్టెకు వేసినచో రెండు లక్షల రూపాయలకు పైబడును. పెట్రోలు కారులో ఇంధనపు టాంకి ఒక రేకు డబ్బా. విద్యుత్ కారులో టాంకియే బంగారమంత విలువైనది. కొనునాడే రాబోవు ఏండ్ల పెట్రోలులో కొంత భాగమునకు ముందుగా సొమ్ము చెల్లించుచున్నామని దీని భావము. ముందుగా చెల్లించినది తిరిగి రావలెనన్నచో బండి నడువవలెను. ఈ ఒక్క సూత్రమును మనస్సున ఉంచుకొందము. కడపటి లెక్క అంతయు దీనిపైననే ఆధారపడియున్నది.

ఇక నడుపుటలో అనుభవమెట్టిది? మొదటి ఆశ్చర్యము నిశ్శబ్దము. తాళము త్రిప్పినను ఇంజను మ్రోగదు. బండి సిద్ధముగా ఉన్నదని ముందున్న దీపము చెప్పిననే తెలియును. క్లచ్ లేదు, మార్చవలసిన గేరులు లేవు. యాక్సిలరేటరుపై పాదము మోపినంతనే ముందునకు సాగును. కాగితముపై చూచినచో పెట్రోలు టియాగోయే బలమైనది: దాని ఇంజను 86 అశ్వశక్తులది, పెద్ద బ్యాటరీ గల విద్యుత్ బండి మోటారు సుమారు 75 అశ్వశక్తులది. చక్రమును త్రిప్పు బలమును టార్క్ అందురు; అది పెట్రోలు బండికి 113 న్యూటన్ మీటర్లు, విద్యుత్ బండికి 114. అనగా దాదాపు సమానము. అయినను సిగ్నలు వద్ద పచ్చ దీపము వెలిగినప్పుడు ముందు పోవునది విద్యుత్ బండియే. పెట్రోలు ఇంజను తన పూర్తి బలమును చూపుటకు నిమిషమునకు 3,300 చుట్లు తిరుగవలెను; విద్యుత్ మోటారు తిరుగుట ప్రారంభించిన క్షణమునుండియే దానిని చూపగలదు. నిలిచియున్న స్థితినుండి గంటకు 60 కిలోమీటర్ల వేగమునకు 5.7 సెకండ్లలో చేరునని తయారీదారుల లెక్క. చిన్న బ్యాటరీ బండికి 6.2 సెకండ్లు. అమీర్‌పేట కూడలిలోనో విజయవాడ బెంజి సర్కిలులోనో ఆగుచు, కదలుచు, మరల ఆగుచు పోవువానికి ఈ గుణము నిజమైన సుఖము. ఎడమ కాలికి పని లేదు, ఇంజను వణకు లేదు, ఆగియున్నంతసేపు ఏ.సి.కి తప్ప మరి దేనికిని శక్తి ఖర్చు కాదు.

కాని ఈ చురుకుదనము నగరపు వేగములకే పరిమితము. రహదారిపై గంటకు 80 కిలోమీటర్లు దాటి లారీని దాటవలసి వచ్చినప్పుడు ఆరంభములోని ఉత్సాహము కనబడదు. అక్కడ పెట్రోలు బండికి గల ఆ పది పదునొకండు అశ్వశక్తులు తమ ఉనికిని చూపును. కావున పరీక్షార్థము నడుపునప్పుడు వీధి చివరి వరకు పోయి మురిసిపోరాదు. ఒకమారు వెలుపలి రహదారిపైకి కూడ పోయి చూడవలెను.

రెండవ విశేషము బ్రేకు. యాక్సిలరేటరునుండి పాదము తీసినంతనే మోటారు జనరేటరుగా మారి, చక్రముల పరుగును మరల కరెంటుగా చేసి బ్యాటరీకి పంపును. దీనిని రీజెనరేటివ్ బ్రేకింగ్ అందురు. దీని తీవ్రతను తగ్గించుకొనుటకు, పెంచుకొనుటకు, పూర్తిగా ఆపుకొనుటకు ఈ బండిలో వీలున్నది. తీవ్రముగా పెట్టినప్పుడు పాదము తీయుటయే బ్రేకు వేసినట్లుండును. అలవాటు లేనివారికి మొదటి రెండు దినములు బండి జంకుచున్నట్లు తోచును. అలవాటైన పిమ్మట ట్రాఫిక్కులో బ్రేకు పెడలుతో పని చాల తగ్గును, బ్రేకు లైనింగులు అరుగుటయు తగ్గును.

దీని ప్రయోజనము కొండ దారిలో స్పష్టముగా తెలియును. తిరుపతినుండి తిరుమలకు ఎత్తు సుమారు 700 మీటర్లు. మనుష్యులతో కూడ పదునాలుగు వందల కిలోల బండిని అంత ఎత్తునకు ఎక్కించుటకు, దారిలోని రాపిడి సంగతి విడిచిపెట్టినను, ఇంచుమించు రెండున్నర యూనిట్ల కరెంటు కావలెను. పెట్రోలు బండి కొండ దిగునప్పుడు ఆ శ్రమ ఫలమంతయు బ్రేకులలో వేడియై గాలిలో కలిసిపోవును. విద్యుత్ బండి దిగునప్పుడు అందులో కొంత భాగమును తిరిగి రాబట్టుకొనును. ఒక జాగ్రత్త మాత్రము కలదు: బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు తిరిగి వచ్చు కరెంటును పుచ్చుకొనుటకు దానిలో చోటుండదు. కావున కొండపైననే పూర్తిగా నింపుకొని దిగుటకంటె కొంత ఖాళీతో దిగుట మంచిది.

లోపములు కూడ చెప్పవలెను. ఇది మొదట పెట్రోలు బండిగా గీయబడిన శరీరము. బ్యాటరీని తరువాత అందులో అమర్చిరి. వెనుక సీటున ముగ్గురు పెద్దలు కూర్చుండిన ఇరుకు తప్పదు. సామాను అర 240 లీటర్లది. రెండు పెద్ద పెట్టెలతో నిండును. నిశ్శబ్దము కూడ ఒక్కొక్కప్పుడు దోషమే: మన బజారులలో నడచువారు చెవితో దారి చూచుకొనువారు, శబ్దము చేయక వెనుకకు వచ్చిన బండిని గమనింపరు. నడుపువాడే మెలకువగా ఉండవలెను. భద్రత విషయమున పెట్రోలు టియాగోకు 2020లో గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో పెద్దల రక్షణకు నాలుగు నక్షత్రములు వచ్చినవి. బరువు మారినందున ఆ ఫలితమును విద్యుత్ బండికి యథాతథముగా అన్వయించుట సరికాదు.

ఇప్పుడు అందరును మొదట అడుగు ప్రశ్న: ఒకమారు నింపిన ఎంత దూరము పోవును? విడుదలనాడు పెద్ద బ్యాటరీకి 315 కిలోమీటర్లు, చిన్నదానికి 250 కిలోమీటర్లు అని ప్రకటించిరి. ఇవి అబద్ధములు కావు. కాని మన వీధిలో కొలిచినవియు కావు. పరీక్షాశాలలో, రోలర్లపై బండిని నిలిపి, నియమిత వేగములతో నడిపి కొలిచిన అంకెలివి. మన వీధులలో ఎండయున్నది, ఏ.సి. ఉన్నది, గుంటలున్నవి, నలుగురు మనుష్యుల బరువున్నది. ఇవి అన్నియు కలిసినప్పుడు పెద్ద బ్యాటరీ బండి 180 మొదలు 200 కిలోమీటర్ల వరకును, చిన్నది 140, 150 కిలోమీటర్ల వరకును నడుచునని భావించుకొనుట క్షేమము. వేగము పెరిగిన కొలది గాలి అడ్డు వేగపు వర్గము చొప్పున పెరుగును. గంటకు 60లో ఉన్న గాలి అడ్డు 90లో రెండుంబావు రెట్లగును. అందుచే పెట్రోలు బండికి విరుద్ధముగా ఈ బండి నగరములో ఎక్కువ దూరమును, ఖాళీ రహదారిలో తక్కువ దూరమును ఇచ్చును.

ఈ మాట పూర్తిగా బోధపడుటకు హైదరాబాదునుండి విజయవాడకు ప్రయాణమును ఊహించి చూతము. దూరము సుమారు 270 కిలోమీటర్లు. గంటకు 80, 90 వేగమున పోయినచో నిండు బ్యాటరీకి 170 కిలోమీటర్లు వచ్చునని లెక్క వేసికొందము. నడిమి మజిలీయైన సూర్యాపేట 135 కిలోమీటర్ల దూరమున ఉన్నది. అక్కడికి చేరునప్పటికి బ్యాటరీలో ఇరువది శాతము మిగులును. వేగముగా నింపు యంత్రము వద్ద పదినుండి ఎనుబది శాతము వరకు నింపుటకు దాదాపు ఒక గంట పట్టును. ఎనుబది దాటిన పిమ్మట నింపుడు మందగించును. భోజనము చేసి వచ్చుసరికి ఎనుబది శాతము నిండినదనుకొందము. అది 136 కిలోమీటర్లకు సరిపోవును. మిగిలిన దారియు 135 కిలోమీటర్లే! ఒక్క కిలోమీటరు నమ్మకముపై సంసారముతో ప్రయాణము చేయువాడు వివేకి కాడు. కావున సూర్యాపేటలో ఇంకను కొంతసేపు నిలువవలెను, లేదా దారిలో మరియొకచోట పావుగంట ఆగవలెను. ఆ యంత్రము చెడియుండినను, మనకు ముందు మరియొక బండి నిలిచియుండినను సమయము ఇంకను పెరుగును. ఏడాదికి రెండు మూడు మారులైనచో ఇది సహింపదగినదే. వారమునకొకమారైనచో ఈ బండి ఆ పనికి తగినది కాదు.

నిజమునకు విద్యుత్ కారునకు ఉత్తమమైన పెట్రోలు బంకు మన ఇల్లే. ఇంటిలోని పదునైదు ఆంపియర్ల ప్లగ్గుకు తగిలించినచో పెద్ద బ్యాటరీ పదినుండి నూరు శాతమునకు సుమారు 8.7 గంటలలో నిండును. అనగా ఒక రాత్రి. కాని ఆ ప్లగ్గును గూర్చి మూడు సంగతులు తెలిసియుండవలెను. మొదటిది, ఎర్తింగు సరిగా ఉండవలెను. పాత ఇండ్లలో చాలచోట్ల ఎర్తు తీగ పేరునకే ఉండును, అట్టిచోట కారులోని చార్జరు కరెంటును పుచ్చుకొనుటకు నిరాకరించును. రెండవది, రాత్రంతయు మూడు కిలోవాట్లకు పైగా లాగు బరువునకు తీగ మందముగా ఉండవలెను. మంజూరైన లోడు చాలకపోయినచో విద్యుత్ పంపిణీ సంస్థకు దరఖాస్తు పెట్టుకొని పెంచుకొనవలెను. మూడవది, గృహ విద్యుత్ ధరలు మెట్లు మెట్లుగా పెరుగునవి. దినమునకు ఏబది కిలోమీటర్లు తిరుగు కారు నెలకు సుమారు 210 యూనిట్లు కోరును. ఆ యూనిట్లు క్రింది మెట్టుపై కాక, ఇంటి వాడకమునకు పైన, అధిక ధర గల మెట్టుపై పడును. దీపములకు, ఫాన్లకు ఇచ్చు ధరతో కారు ఖర్చు లెక్క వేయువాడు మొదటి నెల బిల్లు చూచి తెల్లబోవును.

అపార్టుమెంటులో ఉండువారి కథ వేరు. మీటర్లు ఒకచోట, కారు నిలుపు చోటు సెల్లారులో మరియొకచోట. ఉన్న కనెక్షనునుండియే ఇంటి వద్ద కారు నింపుకొనవచ్చునని 2022లో కేంద్ర విద్యుత్ మంత్రిత్వ శాఖ మార్గదర్శక సూత్రములలో చెప్పినది. అయినను మీటరునుండి కారు వరకు తీగ లాగుటకు సంఘమువారి సమ్మతి, ఎలక్ట్రీషియను పనితనము, కొంత ఖర్చు కావలెను. ఇవి కుదరకుండ కారు కొన్నవారి స్థితి, అంగడిలో అన్నియు ఉన్నవి, అల్లుని నోట శని ఉన్నదన్నట్లగును.

ఇక అసలు లెక్కకు వత్తము. దిగువ ధరలు లెక్క కొరకు తీసికొన్నవి. పాఠకులు తమ ఊరి ధరలను వేసికొని సవరించుకొనవచ్చును. నింపునప్పుడు కొంత కరెంటు వేడిగా పోవును గనుక, మీటరుపై ఒక యూనిట్‌కు ఏడు కిలోమీటర్లు వచ్చుననుకొందము. ఇంటి కరెంటు యూనిట్ తొమ్మిది రూపాయలైనచో కిలోమీటరుకు రూపాయి ముప్పది పైసలు. బజారు యంత్రము వద్ద యూనిట్ ఇరువది రూపాయలైనచో రెండు రూపాయల ఎనుబదియైదు పైసలు. పెట్రోలు లీటరు 107 రూపాయలు, మైలేజీ పదునేడు కిలోమీటర్లు అయినచో కిలోమీటరుకు ఆరు రూపాయల ముప్పది పైసలు. అనగా ఇంటిలో నింపుకొనువానికి కిలోమీటరుకు అయిదు రూపాయలును, బజారులో నింపుకొనువానికి మూడున్నర రూపాయలకు లోపునను మిగులును.

రెండు బండ్ల ధరలకును మూడు లక్షల వ్యత్యాసమున్నదనుకొందము. ఇంటిలో నింపుకొనువానికి ఆ మూడు లక్షలు 60,000 కిలోమీటర్లకు తిరిగివచ్చును. దినమునకు ఏబది కిలోమీటర్లు తిరుగువానికి అది మూడేండ్ల పైచిలుకు. దినమునకు ఇరువది కిలోమీటర్లే తిరుగువానికి ఎనిమిదేండ్లకు పైన. బజారు యంత్రములపైననే ఆధారపడి ఇరువది కిలోమీటర్లు తిరుగువానికి పండ్రెండేండ్లు!

వడ్డీని కూడ మరువరాదు. ఆ మూడు లక్షలను నూటికి ఎనిమిది చొప్పున దాచుకొన్నచో ఏడాదికి 24,000 రూపాయలు వచ్చును. దినమునకు ఇరువది కిలోమీటర్లు తిరుగువానికి పెట్రోలుపై మిగులునది ఏడాదికి 36,500. వడ్డీ పోగా చేతికి మిగులునది 12,500 మాత్రమే. ఏబది కిలోమీటర్లు తిరుగువానికి వడ్డీ పోగా మిగులునది 67,250. బండి ఒక్కటే, ధర ఒక్కటే. కాని ఒకనికి అది లాభసాటి బేరము, మరియొకనికి ఖరీదైన ముచ్చట. ఇంజను ఆయిలు, క్లచ్, స్పార్కు ప్లగ్గు మొదలగువాటి ఖర్చు లేకపోవుటను, గేరులు తమంత తాము మారు పెట్రోలు బండితో పోల్చినప్పుడు ధరలోని వ్యత్యాసము తగ్గుటను కలుపుకొన్నచో లెక్క కొంత విద్యుత్ బండి వైపునకు మొగ్గును. అయినను మూలసూత్రము మారదు.

ప్రభుత్వపు పన్నులు కూడ ఈ త్రాసులో రాళ్లు. విద్యుత్ కార్లపై జి.ఎస్.టి.ని 2019 ఆగస్టు 1 నుండి అయిదు శాతమునకు తగ్గించిరి. చిన్న పెట్రోలు కార్లపై సెస్సుతో కూడ 29 శాతముగా ఉన్న పన్నును 2025 సెప్టెంబరు 22 నుండి 18 శాతము చేసిరి. అందుచే రెంటి నడుమ నున్న పన్నుల తేడా 24 పాళ్లనుండి 13 పాళ్లకు దిగినది. అంతకు ముందు వేసిన లెక్కలను తిరిగి వేయవలసి వచ్చినది. తెలంగాణలో 2024 నవంబరున ప్రకటించిన విధానము క్రింద 2026 డిసెంబరు 31 వరకు విద్యుత్ బండ్లకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషను రుసుము మినహాయించిరి. ఇట్టి రాయితీలకు గడువులుండును. కొను దినమున ఏది అమలులో ఉన్నదో చూచుకొని లెక్కలో కలుపుకొనవలెను.

బ్యాటరీ ఎన్నాళ్లు మన్నును? తయారీదారులు దీనికి ఎనిమిదేండ్లు లేక 1,60,000 కిలోమీటర్లు, ఏది ముందైన దానికి వారంటీ ఇచ్చిరి. ఇందులోనిది లిథియమ్ ఐరన్ ఫాస్ఫేట్ అను జాతి బ్యాటరీ. బరువునకు తగినంత శక్తిని దాచుటలో తక్కిన లిథియమ్ జాతులకంటె కొంత వెనుకబడినను, వేడికి తట్టుకొనుటలోను, పెక్కు మారులు నింపినను చెడకుండుటలోను ముందున్నది. దానిని చల్లబరచుటకు ద్రవము ప్రవహించు ఏర్పాటు కూడ కలదు. మన రోహిణి ఎండలకు ఇది అవసరమైన జాగ్రత్తయే. బ్యాటరీ ఒక్క దినమున ఆగిపోవునది కాదు. బావిలో నీరు ఏటేట కొంచెము తగ్గినట్లు దాని పట్టు తగ్గుచుండును. వర్షమును గూర్చి భయపడువారికి ఒక మాట: ఈ బ్యాటరీ పెట్టెకు ఐపీ 67 అను ప్రమాణమున్నది. ఒక మీటరు లోతు నీటిలో అరగంట ఉంచినను లోనికి నీరు చేరదని దాని అర్థము. అది ప్రమాదమునుండి రక్షణయే గాని వరద నీటిలోనికి బండి దింపుటకు అనుమతి కాదు.

బ్యాటరీ భారమును తప్పించుటకు మరియొక ఉపాయము కూడ వచ్చినది. ఎం.జి. వారు తమ కామెట్ అను చిన్న కారును 2024 సెప్టెంబరులో 4,99,000 రూపాయలకు బ్యాటరీ లేని ధరగా ప్రకటించి, బ్యాటరీకి కిలోమీటరుకు రెండున్నర రూపాయల అద్దె విధించిరి. ఇంటి కరెంటు కూడ కలిపినచో కిలోమీటరుకు మూడు రూపాయల ఎనుబది పైసలు. పెట్రోలుకంటె తక్కువే, కాని తిరిగిన కొలది లాభము పెరుగుట ఇక్కడ మందగించును. తక్కువ తిరుగువానికి ఇది మేలుగా తోచును; అయితే నెలకు ఇంత దూరమునకు తక్కువ కాకుండ అద్దె చెల్లించవలెనను నియమమేదైన ఒప్పందములో ఉన్నదా అని చదివి చూచుకొని సంతకము పెట్టవలెను.

పొగను గూర్చియు ఒక మాట. విద్యుత్ కారు వీధిలో పొగ విడువదు; ఇది పిల్లల ఊపిరితిత్తులకు ప్రత్యక్ష లాభము. కాని మన కరెంటులో అధిక భాగము బొగ్గునుండియే వచ్చుచున్నది. ఒక యూనిట్‌కు సుమారు 700 గ్రాముల బొగ్గుపులుసు వాయువు లెక్కన ఈ బండి కిలోమీటరుకు నూరు గ్రాములు, పెట్రోలు బండి 135 గ్రాములు విడుచునని తేలును. లాభమున్నది, కాని ప్రకటనలలో చెప్పినంత కాదు. ఇంటిపై సూర్యరశ్మి పలకలు పెట్టుకొన్నవారికి మాత్రము రెండు లెక్కలును మారిపోవును.

కావున ఈ బండి ఎవరికి తగును? సొంత ఇంటిలోనో సమ్మతి దొరికిన సెల్లారులోనో ప్లగ్గు ఉండి, దినమునకు నలుబదికి తగ్గక, నూటయేబదికి మించక, ప్రతిరాత్రి ఇంటికి తిరిగివచ్చువానికి తగును. రోజు విడిచి రోజు పట్టణములో వైద్యము చేయ వచ్చు చుట్టుప్రక్కల ఊరి డాక్టరునకు, రెండు కళాశాలలలో పాఠములు చెప్పు ఉపాధ్యాయినికి, దుకాణములు తిరుగు వ్యాపారికి తగును. ఇంట మరియొక బండి ఉండి దూరప్రయాణములకు దానిని వాడువారికి మరింత తగును. నెలకు మూడు వందల కిలోమీటర్లు తిరిగి, పండుగకు సొంతూరు పోవుటకే కారు కోరువానికి తగదు. అతనికి చిన్న పెట్రోలు కారో, రైలు టిక్కెట్టో మేలు.

కొనదలచినవారు దుకాణమునకు పోవుటకు ముందు ఒక నెల దినములు, తాము ప్రతిదినము తిరిగిన కిలోమీటర్లను ఒక పుస్తకమున వ్రాసికొందురుగాక. అదే నెలలో ఎలక్ట్రీషియనును పిలిపించి ఎర్తింగును, తీగను చూపించుకొందురుగాక. ఆ రెండు కాగితములు చేతనుంచుకొని పోయినవానికి, అమ్మువాడు చెప్పు మాటలలో ఏది తనకు పనికివచ్చునో వెంటనే తెలియును. విద్యుత్ కారు విలువ దాని రేకులోను, రంగులోను లేదు. అది మన దినచర్యలోను, మన ఇంటి గోడపై నున్న ప్లగ్గులోను ఉన్నది.